మేడ మీది కంపు, గోడలోని నీచు: ఇంటి వాసనలు వెతికిపెట్టే ఒక సేవపై నా అభిప్రాయం

గుమ్మంలో చెప్పులు విడిచి, ఇంకా లోపలికి అడుగు పెట్టకముందే ఆ మేస్త్రీ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, “ఏ వాసనండీ బాబాయిగారూ? నీచా, మురుగా, ముక్కా, కమురా?” అని. అంతకు ముందు నెల రోజుల్లో ఇదే పని మీద మా ఇంటికి వచ్చి వెళ్ళిన వాళ్ళెవరూ ఈ ప్రశ్న అడగలేదు. అందరూ “కంపు” అన్న ఒక్క మాట పట్టుకుని పని మొదలుపెట్టారు. మన భాషలో చెడు వాసనలకు ఇన్ని మాటలు ఊరికే పుట్టలేదు. నీచు అంటే చేపల వైపు చూడాలి, కమురు అంటే మాడిన నూనె వైపు, ముక్క వాసన అంటే చెమ్మ తగిలిన బియ్యం బస్తా వైపు, కనరు అంటే అటక మీద పాతబడిన కొబ్బరి వైపు. చచ్చిన ఎలుక వాసన వీటిలో దేనికీ చెందని కుళ్ళు. ఏ మాట నోటికి వచ్చిందన్న దాన్ని బట్టే వెతకవలసిన చోటు సగం తేలిపోతుంది. మా ఇంట్లో ఉన్నవి రెండు వేరువేరు వాసనలని, ఆ రెండింటినీ ఒకటిగా కలిపి చూడడమే మేము చేస్తున్న పొరపాటని, నాకు ఆ గుమ్మంలోనే మొదటిసారి అనుమానం కలిగింది.

ఈ సేవ అందిస్తున్నది భీమవరం వైపు నుంచి వచ్చే ఇద్దరు ప్లంబర్లు. పెద్దవాడు మేస్త్రీ, రెండోవాడు అతని మేనల్లుడు. వీరికి దుకాణం లేదు, బోర్డు లేదు, పని అంతా నోటిమాట మీద నడుస్తుంది. పైపుల పని వీరి వృత్తి అయినా, ఇంట్లో వాసన ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి చెప్పడానికి విడిగా రుసుము తీసుకుంటారు. కారణం దొరికినా దొరకకపోయినా ఆ రుసుము ఇవ్వవలసిందేనని ఫోనులోనే స్పష్టంగా చెప్పారు. మా ఊరు పాలకొల్లు. తనిఖీకి 1,200, కింద వివరించబోయే నూనె పరీక్షకు 800, గొట్టం మూసిన పనికి 650, దారి ఖర్చు 300, మొత్తం 2,950 రూపాయలయ్యాయి. ఈ మొత్తం ఎక్కువా తక్కువా అని అడిగేవారికి, వీరి కంటే ముందు నేను పెట్టిన ఖర్చు చెప్పాలి.

కాలువలకు నీళ్ళు వదిలిన వారం పది రోజులకు మా ఇంట్లో వాసన మొదలైంది. రాత్రి పడుకునే వేళకు మెట్ల దగ్గర కుళ్ళిన కోడిగుడ్డు కంపు, తెల్లవారి హాల్లో ఏదో నీచు. నేను ఉద్యోగమంతా నీటిపారుదల శాఖలో, లాకుల మీద, కాలువ గట్ల మీద చేసి రిటైరైనవాణ్ణి. అందువల్ల నా సిద్ధాంతం నాకు సిద్ధంగా ఉంది. డెల్టాలో కాలువ పారితే భూమిలో నీటిమట్టం పైకి వస్తుంది, ఇంకుడు గొయ్యి నీటిని పీల్చదు, సెప్టిక్ ట్యాంకు నిండుతుంది, కంపు కొడుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి ఈ ప్రాంతంలో నేల ఏడాదిలో పది నెలలు తడిగానే ఉంటోంది గనుక ఇందులో ఆలోచించవలసింది ఏమీ లేదనుకున్నాను. 2,500 రూపాయలిచ్చి ట్యాంకు ఖాళీ చేయించాను. నాలుగు రోజులు వాసన తగ్గినట్లే తగ్గి మళ్ళీ వచ్చింది. తరువాత మా అబ్బాయి హైదరాబాదు నుంచే ఫోనులో ఒక శుభ్రత సంస్థకు పని పురమాయించాడు. వారు 6,500 తీసుకుని, ఒక రోజంతా ఇల్లు కడిగి, నిమ్మ వాసన వచ్చే ద్రవం ఏదో చల్లి వెళ్ళారు. ఆ రాత్రి మెట్ల దగ్గర నిమ్మకాయ, కోడిగుడ్డు కలిసి వచ్చాయి. వాసన మీద వాసన పోసే ఆ పద్ధతి మీద నాకున్న అభిప్రాయం ఇంతకంటే వివరించనవసరం లేదు.

ఈ మేస్త్రీ చేసిన మంచి పనుల్లో మొదటిది, వెంటనే రాకపోవడం. ఫోను చేసిన రోజున, మూడు రోజులపాటు ఒక కాగితం మీద వాసన వచ్చిన ప్రతిసారీ వేళ, గది, ఆ సమయంలో ఇంట్లో నడుస్తున్న వస్తువులు రాసి ఉంచమన్నాడు. నాకు అది పని తప్పించుకునే ఎత్తుగా తోచింది. నా భార్య మాత్రం పాలవాడి లెక్క రాసే పుస్తకంలోనే వెనక పేజీలో శ్రద్ధగా రాసింది. ఆమె రాతలో ఒక వరుస ఇలా ఉంది: “గురువారం, ఉదయం 6.20, హాలు, నీచు, మోటారు వేసి ఉంది, ఫ్యాను లేదు.” మూడు రోజుల్లో మొత్తం పదకొండు వరుసలు రాసింది. ఆ పుస్తకం లేకపోతే రెండో వాసన ఎప్పటికీ దొరికేది కాదని ఇప్పుడు నమ్ముతున్నాను.

తనిఖీ రోజు ముందు రాత్రి ఇంటి తలుపులూ కిటికీలూ మూసి ఉంచమని, ఉదయం అగరువత్తి కూడా వెలిగించవద్దని చెప్పారు. నిత్యం దీపారాధన చేసే ఇంట్లో ఇది కొంచెం ఇబ్బందే అయినా కారణం వినదగినదే. ఇంట్లో ఉండేవారి ముక్కు ఇంటి వాసనకు అలవాటుపడి ఊరుకుంటుంది, కొత్తగా బయటి నుంచి వచ్చిన ముక్కుకు మాత్రం మొదటి రెండు మూడు నిమిషాలు అన్నీ తెలుస్తాయి. అందుకే వారిద్దరూ మేము ఇవ్వబోయిన కాఫీ వద్దని, అరుగు మీద కాసేపు కూర్చుని, ఆ తరువాత ఒకరు వీధి గుమ్మం నుంచి, ఒకరు పెరటి గుమ్మం నుంచి లోపలికి వచ్చారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా గదులన్నీ తిరిగి, బయటకు వెళ్ళి, ఎవరికి ఎక్కడ ఎక్కువ అనిపించిందో అప్పుడు చెప్పుకున్నారు. ఇద్దరూ మెట్ల మొదటి మలుపే చెప్పారు.

దేన్నీ ముట్టుకోకముందు వంటింట్లో గ్యాసు బండ చూశారు. రెగ్యులేటరు చుట్టూ, రబ్బరు గొట్టం రెండు చివర్లా సబ్బు నురగ రాసి బుడగలు లేస్తున్నాయేమో పరిశీలించారు. వంటగ్యాసుకు స్వతహాగా వాసన లేదు. కారితే తెలియాలనే ఇథైల్ మెర్కాప్టాన్ అనే గంధకపు పదార్థాన్ని కొద్దిగా కలుపుతారు. అది కుళ్ళిన క్యాబేజీలా ఉండడంతో చాలామంది మురుగు వాసనగా పొరబడతారట. పైగా ఆ గ్యాసు గాలి కంటే బరువు కాబట్టి నేల మీద పరుచుకుంటుంది, నిలబడి పీల్చినవాడికి తెలియకపోవచ్చు. మేస్త్రీ ఆ వంటింట్లో మోకాళ్ళ మీద వంగి పీల్చి చూడడం నేను కళ్ళారా చూశాను. నిజంగా గ్యాసే అనిపిస్తే స్విచ్చి వేయకుండా, తీయకుండా, తలుపులు తెరిచి, బయటకు వచ్చి 1906 నంబరుకు ఫోను చేయమని మా ఆవిడకు చెప్పాడు. మా ఇంట్లో బుడగలేవీ లేవలేదు.

తరువాతి అరగంట వృథా అయిందనే చెప్పాలి. కోడిగుడ్డు వాసన అంటే నీటిలో ఉండవచ్చని, గీజరును అనుమానించారు. గీజరు తొట్టి తుప్పు పట్టకుండా లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. నీటిలో సల్ఫేటు, దాన్ని తినే సూక్ష్మజీవులు ఉంటే ఆ కడ్డీ దగ్గర హైడ్రోజన్ సల్ఫైడ్ తయారై వేడినీళ్ళకే కంపు పడుతుంది. చన్నీళ్ళు కూడా కంపు కొడితే బోరును అనుమానించాలి. రెండు స్టీలు గ్లాసుల్లో ఒకదానిలో వేడినీళ్ళు, ఒకదానిలో చన్నీళ్ళు పట్టి, స్నానాల గదికి దూరంగా అరుగు మీదకు తెచ్చి వాసన చూశారు. అలా బయటకు తీసుకువెళ్ళకపోతే తూము వాసనను నీటి వాసనగా పొరబడతామన్నది నిజమే. కానీ మా ఆవిడ రాసిన పుస్తకంలో వేడినీళ్ళ ప్రస్తావన ఒక్క వరుసలోనూ లేదు. అది ముందే చదివి ఉంటే ఈ అరగంట మిగిలేది.

అసలు సంగతి మేడ మీద బయటపడింది. మా పిల్లలు సంక్రాంతికి వచ్చి వెళ్ళాక ఆ రెండు గదులకూ తాళం వేశాం. వాడని గదుల్లో వాసన ఎందుకు పుడుతుందని నేను అటు వైపే చూడలేదు. మేస్త్రీ ఆ స్నానాల గది తలుపు తీసి, నేల మీది తూములో ఉండే నాని ట్రాప్ జల్లెడ మీద అగరువత్తి పట్టుకున్నాడు. పొగ తిన్నగా పైకి లేవకుండా, కింద నుంచి ఎవరో ఊదుతున్నట్లు చెదిరిపోయింది. జల్లెడ ఎత్తి టార్చి వేసి చూపించాడు. లోపలి గిన్నె ఎండి, అడుగున బూడిద రంగు పొర పగుళ్ళిచ్చి ఉంది.

ఈ ట్రాప్ పని తీరు వివరించబోతుంటే నేనే అతన్ని ఆపాను, ఎందుకంటే అది నాకు తెలిసిన విద్యే. లాకులో తలుపు నీటిని ఆపుతుంది, ఇక్కడ నీరే తలుపై గాలిని ఆపుతుంది. స్నానాల గది తూములో, కమోడు మెడలో, సింకు కింది వంపులో రెండంగుళాల నీరు ఎప్పుడూ నిలిచి ఉండి, అవతలి మురుగు గొట్టంలోని గాలిని ఇవతలికి రానీయదు. రోహిణి కార్తె ఎండలకు, స్లాబు వేడికి, ఐదు నెలలుగా చుక్క నీరు పడని ఆ గదిలో ఆ తలుపు ఆవిరైపోయింది. కమోడులోనూ అంతే. అక్కడి నుంచి మురుగు గాలి మేడ మెట్ల మీదుగా, తలుపులన్నీ మూసుకున్న రాత్రి వేళ, కిందికి దిగుతోంది. ముప్పై ఏళ్ళు లాకుల దగ్గర నీటిమట్టాలు రాసిన మనిషి ఇంట్లో ఇది జరిగిందని మా ఆవిడ నెల రోజులుగా వచ్చిన బంధువులందరికీ చెబుతూనే ఉంది.

రెండేసి చెంబుల నీళ్ళు పోసి, పైన ఒక చెంచా కుట్టుమిషను నూనె వేశారు. నీటి మీద నూనె పొర ఉంటే ఆవిరి కావడం బాగా తగ్గుతుంది. కొబ్బరినూనె వేస్తే సరిపోదా అని అడిగాను, మా దగ్గర దానికి కొదవ లేదు కదా. తిండినూనెలు కొన్నాళ్ళకు కనరు వాసన కొడతాయని, ఒక కంపు పోగొట్టి ఇంకొకటి తెచ్చుకోవడమవుతుందని మేస్త్రీ నవ్వాడు.

అయితే వారు అంతటితో డబ్బు తీసుకుని వెళ్ళిపోలేదు, ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం అదే. ట్రాప్ ఎండడం ఒక కారణమైతే, గొట్టంలో గాలి ఇంట్లోకి అంత బలంగా తోసుకురావడానికి ఇంకో కారణం ఉండాలని మేనల్లుడు డాబా ఎక్కాడు. మురుగు గొట్టంలోని గాలి పోవడానికి డాబా మీదికి లేపిన వెంటు పైపుకు టోపీ ఎప్పుడో గాలివానకు ఎగిరిపోయింది. అందులో గోరింకలు గూడు పెట్టాయి. గడ్డి, కొబ్బరి పీచు, ఒక పాత రిబ్బను, ఇవన్నీ కలిసి రెండు గుప్పెళ్ళ చెత్త బయటకు లాగాడు. కింద ట్యాంకులో నీరు చేరిన ప్రతిసారీ అందులోని గాలి ఎటో ఒక వైపు పోవాలి. పై దారి మూసుకుపోతే ఎండిన ట్రాపే దారి. నా కాలువ సిద్ధాంతం పూర్తిగా తప్పు కాదని, నేల తడిసి ట్యాంకులో మట్టం పెరిగినప్పుడు ఈ తోపిడి ఎక్కువవుతుందని మేస్త్రీ అన్నాడు. నా మొహం చూసి అన్నాడో, నిజంగానే అన్నాడో.

ఆ తరువాత పిప్పర్‌మెంటు నూనె పరీక్ష చేశారు. ఇది నేను మునుపెన్నడూ చూడలేదు. ఇంట్లో ప్రతి తూములో, ప్రతి సింకులో నీళ్ళు పోసి ట్రాపులన్నీ నింపారు. మేనల్లుడు డాబా మీద వెంటు పైపులో చిన్న సీసాడు పిప్పర్‌మెంటు నూనె, దాని వెనకే బకెట్టు మరుగునీళ్ళు పోసి, పైపు మూతిని తడిగుడ్డతో బిగించాడు. ఘాటైన ఆవిరి మురుగు గొట్టాలన్నిటిలోకి వ్యాపిస్తుంది. గొట్టంలో ఎక్కడ పగులున్నా, ఏ మూత సరిగా లేకపోయినా, ఇంట్లో ఆ చోట పిప్పర్‌మెంటు వాసన వస్తుంది. ఇందులో ఒక నియమం ఉంది. నూనె పోసినవాడు పరీక్ష పూర్తయ్యేదాకా ఇంట్లోకి రాకూడదు, అతని చేతుల వాసనే ఇల్లంతా పట్టి పరీక్ష పాడవుతుంది. అందువల్ల ఆ కుర్రాడు మధ్యాహ్నం దాకా డాబా మీద నీళ్ళ ట్యాంకు నీడలోనే కూర్చున్నాడు. మా ఆవిడ టీ పంపిస్తానంటే, “గ్లాసు మళ్ళీ కిందికి రాకూడదండి పిన్నిగారూ, ఇక్కడే ఉంచేత్తానండి” అన్నాడు. ఆ గ్లాసు మరునాటి దాకా డాబా మీదే ఉంది.

పావుగంటకు మేస్త్రీ హాల్లో బీరువా పక్కన ఆగాడు. ముక్కు గోడకు ఆనించి, “ఇక్కడేదో ఉందండీ” అన్నాడు. బీరువా జరిపితే గోడ మీద నాకే తెలిసిన ఒక మరక కనిపించింది. పదకొండేళ్ళ క్రితం అక్కడ వాష్ బేసిన్ ఉండేది. అది తీయించినప్పుడు గోడలోని గొట్టానికి మూత పెట్టించకుండా, గోనెగుడ్డ కుక్కి, పైన సిమెంటు పూయించి, సున్నం వేయించినవాణ్ణి నేనే. గుడ్డ చివికి, సిమెంటు పలకలా విడిచి, వెంట్రుక మందం పగులు ఏర్పడింది. ఆ పగులు దగ్గర అగరువత్తి పొగ సన్నగా వంగింది. గోడ కొట్టి, గొట్టానికి సరైన పీవీసీ మూత అతికించారు. నాటి నుంచి కోడిగుడ్డు వాసన లేదు, తరువాత రెండు భారీ వానలు పడ్డా రాలేదు.

ఇక నీచు సంగతి. పాలకొల్లు, భీమవరం ప్రాంతంలో తెల్లవారి ఆరింటికి ఇంట్లో నీచు వాసన వస్తే ఎవరైనా ఏమనుకుంటారు? చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు. పట్టుబడి రోజుల్లో ఆ వేళకే లారీలు పోతాయి. మేమూ అదే అనుకుని వీధి కిటికీ మూసుకున్నాం. మేస్త్రీ మా ఆవిడ పుస్తకం అప్పుడు, చివరికి, చదివాడు. నీచు అని రాసిన ఐదు వరుసల్లోనూ మోటారు వేసి ఉంది. శుక్రవారం ఉదయం కరెంటు లేదు, ఆ రోజు నీచు లేదు, లారీలు మాత్రం ఎప్పటిలాగే పోయాయి. అతను మోటారు వేయించి, ఐదు నిమిషాలాగి, హాల్లో ఆ మోటారు స్విచ్ బోర్డు మీద అరచేయి వెనక వైపు ఆనించి తీసేశాడు. బోర్డు కాలుతోంది. పాత తరహా బోర్డుల్లోనూ ప్లగ్గుల్లోనూ వాడే యూరియా ఫార్మాల్డిహైడ్ జాతి గట్టి ప్లాస్టిక్ బాగా వేడెక్కితే అమీన్లు అనే వాయువులు వెలువడతాయి. చేపకు నీచు వాసన ఇచ్చే ట్రైమిథైలమీన్ కూడా ఆ కుటుంబానిదే. కాబట్టి అది చేపలా అనిపించడం మన ముక్కు చేసిన తప్పు కాదు.

అక్కడ మేస్త్రీ చేసినది నాకు ఎంతో నచ్చింది. మెయిన్ కట్టేయించి, “ఇది మా పని కాదండీ, ఎలక్ట్రీషియన్ను పిలిచేదాకా ఆ మోటారు వేయకండి” అని చేతులు దులుపుకున్నాడు. స్క్రూడ్రైవరు చేతిలో ఉన్నా విప్పలేదు. సాయంత్రం మా వీధి ఎలక్ట్రీషియన్ విప్పితే, పదహారు ఆంపియర్ల సాకెట్టులో న్యూట్రల్ తీగ బిగించిన మర వదులై, తీగ మీది తొడుగు నల్లగా పొంగి, సాకెట్టు వెనక భాగం వేరుశనగ పొట్టు రంగుకు మాడి ఉంది. సాకెట్టు 180 రూపాయలు, కూలి 300. ఇంకో నెల మేము వీధి కిటికీ మూసుకుని కూర్చుని ఉంటే ఏమయ్యేదో ఊహించడం నాకిష్టం లేదు.

సెప్టిక్ ట్యాంకు మూత తీసి చూడమని నేను అడిగినప్పుడు వారు ఒప్పుకోలేదు. ఆ ట్యాంకుల్లో చేరే హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్ది మోతాదులో కోడిగుడ్డు కంపు కొడుతుంది గాని, వంద పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు వంద వంతులు) ప్రాంతానికి చేరితే కొద్ది నిమిషాల్లోనే ముక్కు మొద్దుబారి, వాసన పోయిందన్న భ్రమ కలుగుతుంది, మోతాదు ఇంకా బాగా పెరిగితే మనిషి అక్కడే కూలిపోతాడు. మనిషిని రక్షణ లేకుండా ట్యాంకులోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది కూడా. అంతకు ముందు ట్యాంకు ఖాళీ చేయడానికి యంత్రంతో వచ్చినవారిలో ఒకడు మూత దగ్గర తల వంచి లోపలికి చూడడం, నేను పక్కనే ఉండి ఏమీ అనకపోవడం అప్పుడు గుర్తుకొచ్చి సిగ్గుపడ్డాను.

లోపాలు కూడా చెప్పాలి. వస్తామన్న రోజుకు రెండు రోజులు ఆలస్యంగా వచ్చారు, మధ్యలో ఫోను ఎత్తలేదు. చేసిన పనికి రసీదు లేదు, ఏం కనిపెట్టారో కాగితం మీద రాసి ఇవ్వరు. మా అబ్బాయికి అన్నీ నేనే ఫోనులో గంటసేపు వివరించవలసి వచ్చింది. చచ్చిన ఎలుక, అటక మీది ముక్క వాసన, గోడ చెమ్మ వంటివి తమ పని కాదని ముందే అంటారు. కాబట్టి మీ ఇంట్లోది కుళ్ళు వాసన అయితే వీరిని పిలిచి 1,200 పోగొట్టుకోకండి, బీరువాల వెనక, అటక మీద మీరే చూసుకోండి. పిప్పర్‌మెంటు ఘాటు హాల్లో రెండు రోజులు ఉంది, చంటిపిల్లలున్న ఇంట్లో అయితే ఆ రోజు వాళ్ళను పుట్టింటికో పక్కింటికో పంపడం మంచిది. అన్నిటికంటే పెద్ద లోటు, గోడ కొట్టిన చోట పూత పూయలేదు. అది తాపీ పని, మా పని కాదన్నారు. ముందే చెప్పి ఉంటే తాపీ మేస్త్రీని అదే రోజు పిలిచేవాణ్ణి.

మేడ మీది తాళంచెవి ఇప్పుడు మా ఆవిడ కొంగుకు ఉంది. ప్రతి శనివారం తులసికోటకు నీళ్ళు పోశాక అదే చెంబుతో మేడ ఎక్కి రెండు తూముల్లోనూ పోసి వస్తోంది. హాల్లో బీరువా మాత్రం ఇంకా గది మధ్యలోనే ఉంది, గోడలో జానెడు గుంత, అందులో తెల్లటి పీవీసీ మూత కనబడుతూ ఉన్నాయి. తాపీ మేస్త్రీ దసరా వెళ్ళాక వస్తానన్నాడు.